పెట్టెకు నేర్పిన మాట

విదియ. పోటు.

తిథి వేసి, సముద్రం ఎక్కే వేళైతే పోటు, దిగే వేళైతే పాటు అని పెట్టి, ఏ రోజు ఏం పాడైందో, నేనేం బాగుచేశానో రాసి ఉంచమని నేల మీదున్న గట్టు ఆఫీసు ఆజ్ఞ. రాస్తున్నాను. చదివేవాళ్ళెవరూ లేరని నాకు బాగా తెలుసు. పోయిన వానాకాలంలో ఒకసారి "ఈ రోజు మీ ఆఫీసరు బుర్ర పాడైంది, బాగుచేయడం నా వల్ల కాలేదు" అని రాసి పంపితే ఎవరూ కిమ్మనలేదు. అప్పట్నుంచి నాకు తోచిందే రాస్తున్నాను.

ఈ రోజు పాడైంది పెట్టె తెర. పాడుచేసింది లచ్చన్న తాత. ఎండు చేపలు కట్టలు కడుతూ మధ్యలో లేచి వచ్చి, అదే చేత్తో తెరంతా తడిమాడు. చేపనూనెకి ఉప్పుగాలి తోడైతే తెరకి పిచ్చెక్కుతుంది, ముట్టుకోకపోయినా ఏదో ఒకటి తెరుస్తుంది. తాగే నీళ్ళలోంచి గుక్కెడు గుడ్డ మీద పోసి తుడిచాను. తాత పక్కనే నిలబడి, "నోటితో సెప్తే సాలని నువ్వే అన్నావు కదా. మరి తాకితే కోపమెందుకు దానికి?" అన్నాడు.

నిజమే, ఇది నోటిమాటతో నడిచే పెట్టె. పేరు చెప్పి కూర్చుంటే చాలు, నీళ్ళ వాటా, బ్యాటరీ వాటా, పీపాల మరమ్మతు, తుఫాను కబురు, అన్నీ అదే చూస్తుంది. నీటి మీద పీపాలపై తేలే మా తెప్పలపాలెంలో ఎవరికి ఏం కావాలన్నా ఈ కొట్టుకొచ్చి దీని ముందు కూర్చోవాల్సిందే. ఎలా కూర్చోవాలో చెప్పడం నా పని. ఈ పని నాకెవరూ నేర్పలేదు. నేను వలలు అల్లేదాన్ని. ఒక రోజు చేపలతో పాటు ఉప్పు పట్టిన పాత కంప్యూటర్ ఒకటి వలలో పడింది. విప్పాను. మళ్ళీ బిగించేసరికి రెండు మరలు మిగిలాయి గానీ అది వెలిగింది. ఆ తర్వాత గట్టువాళ్ళు ఈ కొత్త పెట్టె పంపి, దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగితే ఊరంతా నా వైపు చూసింది.

జనానికి మొదట్లో దీనంటే భయం. ఇంటికొచ్చిన చుట్టంతో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి అని చెప్పాను. అలాగే మాట్లాడుతున్నారు. మగవాళ్ళు చెప్పులు బయట విడుస్తారు, ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటారు. లేచేటప్పుడు అందరూ "మరి వత్తానమ్మా" అని చెప్పి మరీ లేస్తారు. ఎర్రమ్మ ఒక్కతే దాన్ని పలకరించదు. "ముక్కూ మొగం నేనిదానికి మరియాదేటి" అని, పని కాగానే విసురుగా లేచిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పెట్టెకి పుస్తకాల తెలుగే తెలుసు. మా వాళ్ళు "వత్తాను" అంటే దానికి "ఒత్తాను" అని వినిపిస్తుంది. "ఏది ఒత్తుతారు?" అని అడుగుతుంది. లచ్చన్న తాత ఈ రోజు కూడా మళ్ళీ కూర్చుని, ఏది ఒత్తాలా అని తెరంతా వెతికాడు. ఆ కంగారులోనే నూనె చేతులు పెట్టాడు. పైగా పెట్టె మూసుకోదు, వెనకొచ్చినవాళ్ళ నీళ్ళు ముందువాళ్ళ పేరున పడతాయి. రోజూ ఇదే తగువు.

సాయంత్రం మా చెల్లెలు పైడితల్లి వచ్చింది. మా ఇద్దరిదీ ఒకటే తెప్ప, కొట్టు వెనకే. సగంలో నేను, సగంలో పైడి, దాని చేపల పందిరి. దానికి గట్టు సంగతులంటే సరదా. వంగ మొక్క ఎంత లోతున నాటాలి, నేల తడిసిందని ఎలా తెలుస్తుంది అని పెట్టెని అడుగుతుంది. పెట్టె చెప్పేది అంతా వింటుంది, చివర్లో వచ్చే గట్టువాళ్ళ ప్రకటన కూడా. ఈ మధ్య మాటలు కూడా దిద్దుకుంటోంది. "వస్తాను, చేస్తాను, చూస్తాను" అని "స" మీద నొక్కి పలుకుతుంటే, "గట్టోళ్ళ కోడలివి అయిపోతావేటే?" అని ఆటపట్టించాను. నవ్వి ఊరుకుంది.

చవితి. పాటు.

ఈ రోజు నన్ను నేను మెచ్చుకోవాలి. ఇంకెవరూ మెచ్చుకోరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

పెట్టె లోపల మాటలు నేర్పే చోటు ఒకటుందని వెతికి పట్టాను. ఊళ్ళో కనపడినవాళ్ళనందరినీ లాక్కొచ్చి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత "వత్తాను" అనిపించాను. వాళ్ళు అన్నప్పుడల్లా "ఇది ఒత్తడం కాదు, వస్తాను అనడం" అని పెట్టెకి చెప్పాను. ముసలి గొంతులు, జలుబు గొంతులు, పళ్ళు లేని నోళ్ళు, అన్నీ వినిపించాను.

సాయంత్రానికి పెట్టె దారికొచ్చింది. లచ్చన్న తాత పని చూసుకుని, గట్టువాళ్ళ ప్రకటన చదువుతుండగానే ఎప్పటిలా లేచి "మరి వత్తానమ్మా" అన్నాడు. పెట్టె "చాలా సంతోషం" అని చెప్పి తనంతట తానే మూసుకుంది. ఏది ఒత్తాలని అడగలేదు.

తాత ముఖం వెలిగిపోయింది. "ఇప్పటికి దీనికి మనిసితనం వచ్చినాది" అన్నాడు. ఆ "చాలా సంతోషం" వినడానికే జనం మళ్ళీ మళ్ళీ వచ్చారు. పని లేనివాళ్ళు కూడా తుఫాను కబురు అడిగి, "వత్తానమ్మా" అని లేచి, సంతోషం అనిపించుకుని పోయారు. నేను మా అమ్మని తలుచుకున్నాను. ఉంటే ఈ రోజు నన్ను చూసి మురిసిపోయేది.

సప్తమి. పోటు.

నూకరాజు ఇంట్లో గొడవ. నూకరాజు పీపాల కింద మునిగి నాచు గీకేవాడు. నన్ను అప్పా అని పిలుస్తాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఎర్రమ్మ అతని పెళ్ళాం.

సప్తమికి కొత్త వాటాలు మొదలవుతాయి, మొదటి వంతు వాళ్ళది. పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చారు. నూకరాజు పేరు చెప్పి నీళ్ళ వాటా అడిగాడు. పెట్టె తియ్యగా, "నూకరాజు గారూ, పున్నమి తర్వాత మీకు ఇక్కడ నీళ్ళ వాటా ఉండదు. మీరు గట్టుకు వస్తున్నారు కదా" అంది.

గట్టుకి పోయినవాడికి నీటి మీద మళ్ళీ చోటుండదు. తెప్ప విప్పేస్తారు, పీపాలు వేరేవాళ్ళకి పోతాయి. సరదాకి పోయొచ్చే చోటు కాదది. ఎర్రమ్మ ముందుగా అందుకుంది.

"నన్నొగ్గేసి ఎల్లిపోదామనా?"

"నాకేటి తెలీదే. గంగమ్మ తోడు, నాకేటి తెలీదు."

"తెలీకుండా నీ పేరు దానికెలాగ తెలిసినాది? నా పేరు అడుగు. నాను కూడా వత్తన్నానా?"

ఎర్రమ్మ పేరు చెప్పి అడిగాను. ఆమె నీళ్ళ వాటా ఎప్పటిలాగే ఉంది. ఎర్రమ్మ నీళ్ళ డబ్బా అక్కడే పడేసి పోయింది. నూకరాజు నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది. నేను కూడా లోపల అతన్నే అనుమానించాను. మగవాడు కదా, ఏదో మనసులో పెట్టుకున్నాడనుకున్నాను.

అష్టమి. పాటు.

ఈ రోజు గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

మా ఇంటి బ్యాటరీ వాటా అడిగాను. వారానికోసారి అడిగేదే. పెట్టె, "పున్నమి తర్వాత మీ తెప్పలో సగానికే వాటా. పైడితల్లి గారి సగాన్ని విప్పుతారు. ఆమె గట్టుకు వస్తున్నారు" అంది.

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. అమ్మ పోయినప్పుడు పైడికి నడకే రాదు. తెప్ప అంచు దాటి పడిపోతుందని నా నడుముకీ దాని నడుముకీ తాడు కట్టుకుని వలలు అల్లాను. అది లేని తెప్ప ఎలా ఉంటుందో నాకు తెలియదు.

పరుగున వెనక్కి వెళ్ళాను. పందిరి మీద చేపలు తిరగేస్తోంది.

"పైడీ, పెట్టె నీ పేరు సెప్తంది. గట్టుకి ఎల్తన్నావంట."

అది చేప తిరగేయడం ఆపింది. నా వైపు చూడలేదు. "అలాగా" అంది.

"అలాగా ఏటే? నూకరాజు పేరు కూడా సెప్పినాది. దానికేదో అయినాది. నాను బాగుసేత్తాను, నువ్వు కంగారు పడకు."

"సరేలే అప్పా" అని మళ్ళీ చేపల్లో పడింది. భయపడి మాట పడిపోయిందనుకున్నాను.

దశమి. పోటు.

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

వాటాలన్నీ ఆపేసి, రెండు రోజులు పెట్టె వెనక తలుపు తీసి, తీగలన్నీ తుడిచి, మళ్ళీ బిగించాను. తీగల్లో ఏ లోపమూ లేదు. ఈ రోజు విసిగిపోయి, తుడుచుకునే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. లచ్చన్న తాత వచ్చి తుఫాను కబురు అడిగాడు. పెట్టె చెప్పింది. ఆ తర్వాత గట్టువాళ్ళ ప్రకటన మొదలుపెట్టింది. ఈ ప్రకటన మాకు ఇంజను చప్పుడుతో సమానం, చెవిన పడుతుంది గానీ వినం. ఈ రోజు ఎందుకో విన్నాను.

"గట్టు మీద ఇళ్ళు సిద్ధంగా ఉన్నాయి. గట్టి నేల, తీపి నీళ్ళు. పున్నమి పడవకు మీరు వస్తారా?"

తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "మరి వత్తానమ్మా."

"చాలా సంతోషం" అంది పెట్టె.

తాతని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆయన నీళ్ళ వాటా అడిగాను. పున్నమి వరకే ఉంది. ఆయన వెనక వరసలో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి అడిగాను. అందరిదీ పున్నమి వరకే.

పోయేవాడు పోతున్నానని చెప్పి పోవడం మాకు లేదు. తిరిగి వస్తానని చెప్పే లేస్తాం. అది పెట్టెకి ఎలా తెలుస్తుంది? మొన్నటి దాకా ఆ మాట అర్థంకాక ఏది ఒత్తుతారని అడిగి మమ్మల్ని కాపాడింది. దానికి మాట నేర్పింది నేను. ఊరందరినీ లాక్కొచ్చి, పళ్ళు లేని నోళ్ళ చేత కూడా అనిపించి మరీ నేర్పాను. మిగిలింది ఎవరంటే ఎర్రమ్మ, నేను. ఆమెకి మర్యాద లేదు కనక మిగిలింది. నా ఇల్లు కొట్టు వెనకే, ఎవరికి వస్తానని చెప్పి లేస్తాను?

ఊరందర్నీ పిలిచి చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లచ్చన్న తాత, "మరియాదగా మాటాడినందుకా?" అని ఒక్క మాట అడిగి తల దించుకున్నాడు. నూకరాజు పెళ్ళాం వైపు చూశాడు. ఎర్రమ్మ లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది. పైడి దూరంగా తాళ్ళ గుంజకి ఆనుకుని, అన్నీ వింటూ నిలబడింది.

నేర్పిన మాటని చెరిపేశాను. పెట్టె మళ్ళీ "ఏది ఒత్తుతారు?" అంటోంది. అయితే ముందు రాసుకున్నవి అలాగే ఉన్నాయి.

ఏకాదశి. పోటు.

పెట్టెలోంచే గట్టు ఆఫీసుకి ఫోన్ కలిపాను. హైమవతి గారని ఒకావిడ మాట్లాడారు. నేను నోరు విప్పకముందే, "మీ ఊరి నుంచి ఇంతమంది ముందుకొచ్చారని ఇక్కడ మేమంతా పొంగిపోయామండీ" అన్నారు.

జరిగింది చెప్పాను.

"అయ్యో" అన్నారు. "పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మా అమ్మకి నేనూ అదే చెప్పొచ్చానండీ. మాకెవరికీ తట్టనే లేదు."

"అయితే కొట్టేయండమ్మా. పొరపాటు కదా."

"నాకు ఆ వీలు లేదండీ. నోటితో ఇచ్చిన మాటని ఆఫీసు కొట్టేయకూడదు. ఇచ్చినవాళ్ళే వచ్చి, వస్తారా అని అడిగినప్పుడు రాను అని చెప్పాలి. ఒక్క మాట. చెబితే వాళ్ళ వాటా వెంటనే వెనక్కొస్తుంది."

ఒక్క మాటే కదా అని నేనూ సంబరపడ్డాను. ఊరంతటినీ వరసలో నిలబెట్టాను. ముందు నూకరాజుని కూర్చోబెట్టాను.

"పున్నమి పడవకు మీరు వస్తారా?" అని అడిగింది పెట్టె.

నూకరాజు నోరు తెరిచాడు. వెనకనుంచి ఎర్రమ్మ చెయ్యి వచ్చి ఆ నోరు మూసింది.

"వొదినా, ఏటనిపిత్తన్నావు నా మొగుడి సేత? రేపు పొద్దున్న పీపాల కిందకి దిగీవోడు. ఒక సోట నుంచి లేస్తా రాను అనీవోడు మళ్ళీ వత్తాడా?"

"పెట్టెకి సెప్తున్నాడే, నీకు కాదు."

"నోరు ఒకటే కదా. గంగమ్మ ఇంటాది."

నూకరాజు చెమట తుడుచుకుని లేచాడు. తర్వాత లచ్చన్న తాత కూర్చున్నాడు. రెండుసార్లు పెదవులు కదిపాడు. "నా వల్ల కాదు సన్నాసమ్మా. మా అయ్య సముద్రం మీదికి ఎల్తా వత్తాననే ఎల్లినాడు. రానేదు. రాను అని ఎల్తే ఏటయ్యీదో" అన్నాడు.

వద్దు అనండి, కుదరదు అనండి అని చెప్పాను. అన్నారు. పెట్టె "మీరు వస్తానని చెప్పారు. రారా?" అని మళ్ళీ అడిగింది. వరస కరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. పైడి వచ్చి నా వీపు రాసింది. దాన్ని కూర్చోమంటే, "అందరిదీ కానీ అప్పా, నాది తర్వాత" అంది.

ద్వాదశి. పాటు.

ఉదయం నా పేరు చెప్పి, పెట్టెలోంచి మళ్ళీ ఫోన్ చేశాను. హైమవతి గారు పైవాళ్ళని అడిగి చూశారట, లాభం లేకపోయింది. పడవ కూడా బయల్దేరిపోయిందట. పెద్ద పడవ ఇసుక దిబ్బ దాటి మా దాకా రావాలంటే పున్నమి పోటుకే వీలు, అందుకని ముందే బయల్దేరుతుంది. పాపం, ఆవిడ గొంతు కూడా బొంగురుపోయింది. "నన్ను క్షమించండి సన్యాసమ్మ గారూ. ఇంకేమైనా తడితే నేనే చేస్తాను. మరి ఉంటానండీ" అని ఫోన్ పెట్టేశారు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా పెట్టె, "సంతోషం. సన్యాసమ్మ గారు ఇక్కడే ఉంటారని రాసుకున్నాను" అంది.

నేను నోరే మెదపలేదు. గదిలో ఇంకెవరూ లేరు. ఇదేం విడ్డూరమనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ చివరి మాట గుర్తొచ్చింది. ఉంటానండీ. గట్టువాళ్ళు ఫోన్ పెట్టేసేటప్పుడు అలాగే అంటారు. ఉంటానని చెప్పి పోతారు. మేము వస్తానని చెప్పి పోతాం. ఆవిడ సెలవు తీసుకుంటే పెట్టె దాన్ని నా జవాబుగా తీసుకుంది.

లచ్చన్న తాత దగ్గరికి పరిగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"తాతా, లేచీటప్పుడు ఉంటాను అనొచ్చా? తప్పు మాటేం కాదు కదా?"

తాత ఆలోచించాడు. "మా మామ్మ ఫోనులో అనీది. ఉంటాను మరి, అని పెట్టీసీది. మంచి మాటే. ఉంటానంటే మంచిదే కదేటి."

ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పెట్టె అడిగింది. తాత మోకాళ్ళు పట్టుకుని, మర్యాదగా లేచి, "మరి ఉంటానమ్మా" అన్నాడు.

"సంతోషం. లచ్చన్న గారు ఇక్కడే ఉంటారని రాసుకున్నాను."

ఆయన నీళ్ళ వాటా అడిగితే వెనక్కొచ్చేసి ఉంది. నేను గట్టిగా కేక పెట్టాను. పక్క తెప్పల మీదవాళ్ళు ఎవరో నీళ్ళలో పడ్డారనుకుని తాళ్ళు పట్టుకుని వచ్చారు.

త్రయోదశి. పోటు.

రోజంతా వరస. కొట్టు ఒరిగిపోతుందని జనాన్ని రెండు తెప్పల మీదికి సర్దాను. ఒక్కొక్కరూ కూర్చోవడం, పెట్టె వస్తారా అనడం, వాళ్ళు ఉంటానమ్మా అని లేవడం. నూకరాజు అన్నప్పుడు ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెట్టె వైపు తిరిగి, "ఉంటానే" అంది. ఆమెని అడక్కుండానే పెట్టె రాసుకుంది.

అందరూ అయిపోయారు. పైడి రాలేదు. చేపలు వానకి తడుస్తాయని ఒకసారి, తలనొప్పని ఒకసారి అంది. వాన లేదు.

చతుర్దశి. పాటు.

ఇది ఎవరైనా చదువుతున్నట్టయితే ఇక్కడ ఆపేయండి. లేదా చదవండి, నాకేమీ పట్టింపు లేదు.

మా ఇద్దరి గొంతూ ఒకటే. చీకట్లో మాట్లాడితే లచ్చన్న తాత కూడా తడబడతాడు. ఈ రోజు పాటు దిగేవేళ పైడి మరమ్మతు తాడు తేవడానికి అవతలి తెప్పలకి వెళ్ళింది. నేను పెట్టె ముందు కూర్చున్నాను. రేపు పడవ వస్తుంది. భయపడి ఆగిపోయిందని, దాని తరపున నేనే ఒక్క మాట అనేస్తే పని అయిపోతుందని అనుకున్నాను.

"పైడితల్లి" అన్నాను.

"చెప్పండి, పైడితల్లి గారూ. పున్నమి పడవకు మీరు వస్తారా?"

"నా పేరెట్టుకుని ఎవరితోట మాటాడతన్నావప్పా?"

గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తాడు లేదు.

"నువ్వు రాకపోతేనూ... నీ మాట నాను సెప్పీద్దామని."

"నా మాట నాను సెప్పీసినాను కదా."

"అది పొరపాటే. ఊరందరిదీ పొరపాటే కదా, పెట్టె వత్తాను అంటే..."

"నాను వత్తాను అన్నేదప్పా. వస్తాను అన్నాను." "స" మీద నొక్కి పలికింది. "నువ్వు దానికి మన మాట నేర్పక ముందే అన్నాను. విదియ నాడే. దానికి తెలియాలని దిద్దుకుని మరీ అన్నాను."

వస్తాను, చేస్తాను, చూస్తాను. నేను గట్టోళ్ళ కోడలివా అని ఎగతాళి చేసిన రోజు అది. ఊరందరి మాటా తప్పు విన్నదని పెట్టెని తిట్టాను. పైడి మాట ఒక్కటీ అది సరిగ్గానే విన్నది. విననిది నేనే.

"నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే నువ్వు బాగుసేసీడానికి సూత్తావు. ఎవులేటి సెప్పినా నీకు ఏదో పాడైపోయినట్టే ఉంటాది." వచ్చి నా పక్కన పీట మీద కూర్చుంది. "నాను పుట్టిన కాణ్ణుంచి కదలని సోట ఒక్కపాలి నిలబడనేదప్పా. ఒక మొక్క ఏసి, తెల్లారి లేసి, అది నాటిన సోటే ఉందా నేదా అని సూసుకోవాలని ఉంది. అంతే. నీ మీద కోపం కాదు."

"నన్ను రమ్మని అడగవేటి?"

"నువ్వొచ్చీస్తే ఈళ్ళు మళ్ళీ ఏది ఒత్తాలా అని ఎతుక్కుంటారు." నవ్వబోయింది, కుదరలేదు. "నువ్వు రావని నాకు తెలుసు."

పెట్టె ఇంకా తెరిచే ఉంది. ఎవరూ పలకకపోయేసరికి మళ్ళీ అడిగింది. పైడితల్లి గారూ, పున్నమి పడవకు మీరు వస్తారా?

పైడి నన్ను చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, మా గొంతు ఒకటే. నా పెదవుల దాకా వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. ఇంత కష్టమైన పని నా చేతులు ఎప్పుడూ చేయలేదు, ఈ రోజు నోరు చేసింది.

పైడి పెట్టె వైపు వంగి, "వస్తాను" అంది.

"చాలా సంతోషం" అంది పెట్టె.

పున్నమి. పోటు.

పైడి సగం తెప్ప విప్పడానికి గట్టు మనుషులు కత్తులతో దిగారు. వద్దని, ముడులు నేనే విప్పాను. నేను వేసిన ముడులే అవి, కోస్తే ఊరుకోను.

ఊరంతా వచ్చింది. అంతమందిని ఎక్కించుకోవడానికి వచ్చిన పడవ, ఒక్క మనిషి కోసం ఆగింది. నూకరాజు దాని మూట మోశాడు. ఎర్రమ్మ ఎండు రొయ్యల మూట దాని చేతిలో పెట్టి, పక్కకి పోయి నిలబడింది. లచ్చన్న తాత, "నేల మీద నడిసీటప్పుడు తూలిపోతావు గుంటా, మెల్లగా నడు" అన్నాడు.

పైడి పడవ పలక మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ దిద్దుకున్న "స" ఎటు పోయిందో పోయింది.

"వత్తానప్పా" అంది.

వెళ్ళిరా అనాలి. ఎవరైనా అదే అంటారు, నేనూ రాత్రంతా అదే అనుకుని ఉంచుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట విని నేనే అదిరిపడ్డాను.

"ఉంటాను" అన్నాను.

పైడి తల ఊపి పడవ ఎక్కింది. ఆ మాట పెట్టె విని ఉన్నా, తప్పు రాసుకునేది కాదు.